సాలువా రన్‌వే మీద మొదటి రేసు

సాలువా దగ్గరి పాత రన్‌వే మీద గంటల తరబడి సాగే కార్ల రేసు. ఖరగ్‌పూర్ రైల్వే స్కూల్లో పాఠాలు చెప్పే నాకు అదే మొదటిది. నేనూ అన్నయ్యా వంతులవారీగా నడపాలి. నా వంతు ముగించి ఆపేసరికి అన్నయ్య వడదెబ్బకు కూలబడి ఉన్నాడు.

"నాను లెగలేనమ్మా. నువ్వే నడుపు," అన్నాడు.

బెల్టులు నన్ను సీటుకు బిగించేశాయి. హెల్మెట్‌లో నా ఊపిరే నా ముఖాన్ని కాలుస్తోంది.

"దిగిపోతానన్నయ్యా. ఊపిరాడ్డం నేదు."

"దిగితే మనం ఔటే. నీకెలగుంటే అలగ సెయ్యి."

అలా నా ఇష్టానికే వదిలెయ్యకుంటే దిగిపోయేదాన్నేమో. మళ్లీ బయలుదేరాను. ప్రతి రౌండులోనూ బయటికి పోయే గేటు కనిపించేది. చూస్తూనే దాటిపోయేదాన్ని.

చివరి నుంచి రెండో స్థానం వచ్చింది. కారు ఆగినా స్టీరింగ్ వదలలేకపోయాను. కాస్త తేరుకున్న అన్నయ్యే వచ్చి నా వేళ్లు ఒక్కొక్కటిగా విప్పాడు.