గరిటె పట్టినోడు ఆఖర్న తినాలి

మా మేనకోడలు శ్రావ్య బడి నుంచొచ్చి లంచ్ బాక్సు మూత తీసేసరికి, సగం మిగిలిన సాంబారన్నం వాసన గుప్పుమని నన్ను తీసుకెళ్లి చోడవరంలో నేను చదివిన ఎలిమెంటరీ బడి వరండాలో కూకోబెట్టింది. శ్రావ్యకి ఇవేం పట్టవు. ఏ దేశం బడిలో పిల్లలకి మంచితనం ఎలా నేర్పుతారో చార్టు వేసుకు రమ్మన్నారట. ఫోనులో జపాను పిల్లలు తెల్ల టోపీలు పెట్టుకుని ఒకరికొకరు అన్నం వడ్డించుకుంటన్నారు, ఫిన్లాండు పిల్లలు చెక్కలకి మేకులు కొడతన్నారు, కింద కామెంట్లలో లోకమంతా చప్పట్లు కొడతంది. నాకు కడుపు మండింది. మేమూ వడ్డించేం. మమ్మల్నెవడూ వీడియో తియ్యలేదు.

గోవాడ ఫ్యాక్టరీకి చెరుకు బళ్లు కదిలే రోజుల్లో, గాలి ఇటు తిరిగిందంటే, కాగుతున్న రసం తీపి వాసనా మా బడి వంటపొయ్యి పొగా కలిసి, పాఠం మధ్యలోనే మా పొట్టలు జవాబులు చెప్పేవి. మధ్యాహ్నం అన్నాల గంట కొట్టేక, ఆ రోజు బుద్ధిగా ఉన్నవాడి చేతికి మేష్టారు సాంబారు గరిటె ఇచ్చేవారు. షరతు ఒక్కటే, గరిటె పట్టినోడు ఆఖర్న తినాలి. మా నీతి పాఠం మొత్తం అంతే, పుస్తకం కూడా లేదు. ఆ గరిటె ఎప్పుడూ నా పక్కన కూర్చునే నూకరాజుకే. వాడు జడ్జీలా మొహం పెట్టి వడ్డిస్తంటే, సాంబార్లో ములక్కాడ ముక్కలు కూడా వాడి పార్టీయే అనిపించేది.

చివరికో రోజు గరిటె నాకొచ్చింది. మంచోడన్న పేరు ఒక్కపూటలో కొట్టేద్దామని అందరికీ ముంచి ముంచి పోసేను. నా వంతుకి గిన్నె అడుగున నా మొహం కనిపించింది. తలెత్తి చూస్తే, అందరూ చేతులు నాకుతున్నారు, నూకరాజు ఒక్కడే, ఆఖర్న తినడం అలవాటైపోయి, కంచం ముట్టకుండా కూర్చున్నాడు.

“ఒరే, సంద్రంలా పోసేసేవు, నీకేటి మిగిలింది? ఇదిగో, తిను,” అని తన సాంబారన్నం సగం నా కంచంలోకి తోసేడు.

“శభాష్ నూకరాజూ!” అన్నారు మేష్టారు.

గరిటె నాది, శభాష్ వాడిది. ఏడుపు మింగేను. అన్నం కూడా మింగేననుకోండి, ఆకలేసింది మరి.

“మావయ్యా, మన దేశం కింద ఏటి రాయాలి?” అంది శ్రావ్య.

“మీ బళ్లో ఒకరికొకరు పెట్టుకుంటారా?”

“బాక్సు ఎవరికీ పెట్టకూడదు. మేడం తిడతారు.”

అందుకే సగం సాంబారన్నం ఇంటికొచ్చేసింది. గరిటె లేదు, ఆఖర్న తినేవాడూ లేడు. జపాను మీద కుళ్లు రేపటికి చల్లారిపోద్ది. నూకరాజు మీదది మాత్రం ఇన్నేళ్లయినా చల్లారలేదు. ఆ రోజు కంచం ముట్టకుండా కూర్చున్నది నేనైతే ఎంత బాగుండేదో.