ఈ రోజు నేను చెయ్యబోయే తప్పేంటండి?

పోయిన సోమవారం సాయంత్రం, నర్సరీలో పని ముగించి ఆడవాళ్ళు కాళ్ళు కడుక్కుంటున్న వేళ, రాజమండ్రి నుంచి ఫోను వచ్చింది. మా ట్రైనింగు మాస్టారు పోయారు. మధ్యాహ్నం భోంచేసి, కుర్చీలో కునుకు తీస్తూ అలాగే వెళ్ళిపోయారట. చెప్పినావిడ ఆయన భార్యే. ఆవిడ గొంతులో ఏడుపు కంటే ఆశ్చర్యమే ఎక్కువ వినిపించింది. మజ్జిగ తెమ్మన్నారమ్మా, తెచ్చేలోపే, అని ఆగిపోయారు. నేను ఫోను పట్టుకుని మల్లె మొక్కల మధ్య నిలబడిపోయాను. మా దగ్గర మొక్కలకి అంట్లు కట్టే సత్తెమ్మగారు నా మొహం చూసి ఏంటమ్మా అని అడిగారు. చెప్పాను. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని షెడ్డు వైపు వెళ్ళిపోయారు.

మాస్టారంటే బడి మాస్టారు కాదు, మేనేజర్లకి పని నేర్పే మాస్టారు. ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాక, ఈ చుట్టుపక్కల రైసు మిల్లులు, బట్టల షాపులు, రొయ్యల కంపెనీలు, ఆస్పత్రులు, ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి పాత స్కూటరు మీద వెళ్ళేవారు. మనుషులతో పని చేయించడం ఎలాగో అక్కడి పెద్దలకి నేర్పేవారు. ఒక చోట చెప్పిన పాఠం ఇంకో చోట చెప్పేవారు కాదు. అదేంటండీ, ప్రతి చోటికీ కొత్తగా తయారు చేసుకోవడం కష్టం కదా అని ఒకసారి అడిగాను. "మీరు మొక్క ఇచ్చేముందు మీది ఏ నేలండీ అని అడగరా? నేనూ అంతే" అన్నారు.

ఆయన గురించి చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పుకోవాలి. సిగ్గుపడాల్సిన సంగతే గానీ ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది.

మాది కడియం. మా నాన్న ఇదే నర్సరీలో మొక్కలకి నీళ్ళు పెట్టేవాడు. ఆ కూలితోనే నన్ను రాజమండ్రిలో డిగ్రీ చదివించాడు. నేను కంప్యూటరు నేర్చుకుని, ఇక్కడే ఆఫీసులో బిల్లులు రాసే పనిలో చేరాను. ఓనరుగారికి మోకాళ్ళ నొప్పులు ముదిరి తోటంతా తిరగలేకపోయేసరికి, పదేళ్ళ కిందట నన్ను మేనేజరుని చేశారు. అరవై మంది ఆడవాళ్ళ మీద పెత్తనం. నాన్న అప్పటికే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన పైపు పట్టుకుని తిరిగిన దారుల్లో నేను ఫైలు పట్టుకుని తిరుగుతుంటే నాకు కాళ్ళు నేల మీద ఆనేవి కావు.

నా నోరు అసలే మంచిది కాదు. దీని నోటికి భయపడి కుక్కలు కూడా పక్క వీధిలోంచి పోతాయి అనేది మా అమ్మ. మేనేజరునయ్యాక ఆ నోటికి కొమ్ములు కూడా మొలిచాయి. సత్తెమ్మగారు ముప్ఫై ఏళ్ళుగా అంట్లు కడుతున్న మనిషి, మా నాన్నతో కలిసి పని చేసిన మనిషి. ఒకరోజు ఆవిడ నాకేదో చెప్పబోతే, "నువ్వు మేనేజరువా, నేను మేనేజర్నా?" అని అందరి ముందూ కసిరేశాను. ఆవిడ తల వంచుకుని మళ్ళీ పనిలో పడ్డారు. ఆ రోజు నుంచి నర్సరీలో ఎవరూ నాకేమీ చెప్పలేదు. అదంతా క్రమశిక్షణే అనుకుని నేను మురిసిపోయాను.

ఆ ఏడు తొలకరిలో ఉత్తరాదికి ఒక లారీ మామిడంట్లు వెళ్ళాలి. లోడింగు రోజు పొద్దున్నే, మొక్కలు కళకళలాడుతూ కనిపించాలని పైపులు పెట్టించి బాగా తడిపించాను. తడిసిన మట్టి కవర్లలో ముద్దైపోయి, లారీ కుదుపులకి వేళ్ళ నుంచి విడిపోయింది. నాలుగో రోజున అక్కడి నుంచి ఫోటోలు వచ్చాయి. సగం మొక్కలు తలలు వేలాడేశాయి. దూరం వెళ్ళే మొక్కకి ముందు రోజు సాయంత్రమే నీళ్ళు పెట్టెయ్యాలి, లోడింగు పొద్దున నీళ్ళ చుక్క తగలకూడదు. ఆ సంగతి నర్సరీలో నాకు తప్ప అందరికీ తెలుసు. అంతమందీ నేను తడిపించడం చూస్తూ నిలబడ్డారు, ఒక్కరూ నోరు విప్పలేదు. నీళ్ళు పెట్టేవాడి కూతురికి నీళ్ళెప్పుడు పెట్టాలో తెలీలేదట అని ఊళ్ళో అన్నారు. ఆ మాట నన్ను దాటి మా నాన్నకి తగిలినట్టనిపించి ఆ పూట అన్నం సహించలేదు.

ఓనరుగారు అరవలేదు. మాస్టారొకాయన వారం రోజులు వచ్చి చూస్తారు, నువ్వు పనికొస్తావని ఆయనంటే ఉందువు గాని, లేదంటే మళ్ళీ వెళ్ళి బిల్లులు రాసుకో అన్నారు. బిల్లులు రాసుకోవడానికి నాకు నామోషీ లేదు. కానీ మా నాన్న పని చేసిన చోట, వీళ్ళందరి ముందూ ఆ కుర్చీలోంచి దిగడం తలుచుకుంటేనే చచ్చిపోవాలనిపించింది.

ట్రైనింగంటే నాకు తెలిసింది ఒక్కటే. అంతకు ముందు ఏడు ఓనరుగారబ్బాయి సిటీ నుంచి ఒకాయన్ని పిలిపిస్తే, ఆయన తెర మీద సింహాల బొమ్మలు వేసి చూపించి, లీడరంటే ఇలా ఉండాలని ఇంగ్లీషులో చెప్పి వెళ్ళాడు. సింహం మట్టి మోస్తుందేంటే అని ఆడవాళ్ళు నెల రోజులు నవ్వుకున్నారు. ఈయనకీ అలాగే తెల్లగుడ్డ కట్టించి, ప్రొజెక్టరు తెప్పించి, మెత్తటి కుర్చీ వేయించాను. ఆయన స్కూటరు దిగి, అవన్నీ చూసి, బాగున్నాయండి అన్నారు. తరవాత స్కూటరుకి కట్టుకున్న మడత స్టూలు విప్పి పట్టుకుని, కవర్లలో మట్టి నింపుతున్న ఆడవాళ్ళ మధ్యకి వెళ్ళి కూర్చున్నారు.

మూడు రోజులు అక్కడే. వాళ్ళతో పాటు మట్టి నింపారు. వాళ్ళ కారియర్లలో కూరలు రుచి చూశారు. టీ సాసర్లో పోసుకుని, ఊదుకుంటూ తాగేవారు. ప్రతి మనిషినీ అండీ అనేవారు. కూలికొచ్చిన మనిషిని కూడా అండీ అంటాడేంటీయన అని నాకు లోపల చిర్రెత్తుకొచ్చేది. నాతో మాత్రం నమస్కారం తప్ప మాట లేదు. మూడో రోజుకి, ఈయన నా మీద చాడీలు పోగు చేస్తున్నాడని తేల్చేసుకున్నాను.

నాలుగో రోజు పొద్దున ఆఫీసులోకి వచ్చి, స్టూలు వేసుకుని నా ఎదురుగా కూర్చున్నారు.

"మీరు తడిపించిన పొద్దున పైపు పట్టుకున్నావిడకి కూడా తెలుసండి, అది తప్పని" అన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. తెలిసి కూడా చెప్పలేదంటే అంతా కూడబలుక్కున్నట్టే కదా, నేను మునిగిపోతుంటే గట్టు మీద నిలబడి చూశారన్నమాట, అని గట్టిగానే అన్నాను. ఆయన నన్ను అంతా అననిచ్చారు.

"అంతకు ముందు చెప్పబోయిన మనిషికి మీరేం జవాబిచ్చారో గుర్తుందాండి?"

నాకు గుర్తుంది. అప్పుడాయన తన సంగతి చెప్పారు. ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు ఆయనా అరిచారట. పని ఎవరో ఒకరు నేర్పాల్సి వచ్చిందండి, అరుపు మాత్రం ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది అన్నారు. రిటైరయ్యే రోజున శాలువాలు కప్పారు, దండలు వేశారు, గేటు దాకా కూడా ఎవరూ వెనకాల రాలేదు. ఆ గేటు దగ్గర నిలబడినప్పుడే ఈ పని మొదలుపెట్టాలనుకున్నానండి అన్నారు. ఆయన మీద నా కోపమంతా అక్కడే చల్లారిపోయింది.

నాకిచ్చిన ట్రైనింగు ఇంతే. రోజూ పొద్దున హాజరు వేసేముందు అందరి ముందూ నిలబడి, "ఈ రోజు నేను చెయ్యబోయే తప్పేంటండి?" అని అడగాలి. జవాబు వచ్చేదాకా మాట్లాడకూడదు. వచ్చాక అసలే మాట్లాడకూడదు, సరేనండి అనడం తప్ప.

ఐదో రోజు అడిగాను. కొందరు నవ్వు ఆపుకున్నారు, మిగతావాళ్ళు నేల చూపులు చూశారు. సత్తెమ్మగారు కత్తికి పదును పెట్టుకుంటూ ఉండిపోయారు. చూశారా, వీళ్ళు చెప్పరండి అని మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన సాసరు కింద పెట్టి, "అందరి ముందూ అన్న మాట అందరి ముందే వెనక్కి తీసుకోవాలండి, చాటుగా కాదు" అన్నారు. ఇంటికెళ్ళి అమ్మకి చెబితే, ఆయనెవరో గానీ నిన్ను పుట్టుక నుంచి ఎరిగున్నట్టున్నాడే అంది.

ఆరో రోజు మళ్ళీ లోడింగు. కొబ్బరి మొక్కలూ, రోజాలూ ఒకే లారీలో వెళ్ళాలి. అందరూ చేరాక సత్తెమ్మగారి ముందు నిలబడ్డాను. ఆ రోజు మిమ్మల్ని అలా అనడం నాదే తప్పండి, క్షమించండి అన్నాను. తరవాత ఆ ప్రశ్న అడిగాను. ఆవిడ లారీ వైపు చెయ్యి చూపించారు.

"అడిగావు గనక చెప్తున్నానమ్మా. రోజాలు అడుగు వరసలో పెట్టమన్నావు. లేత చిగుళ్ళు, కొబ్బరి మొక్కల బరువుకి నలిగిపోతాయి."

"సరేనండి" అన్నాను. లోపల మాత్రం, అది నాకు తెలీదా అని నాలుక దురద పెట్టింది. నిజానికి నాకు తెలీదు. ఆవిడ మళ్ళీ నోరు తెరిచారు, మీ నాన్న ఉంటే ఇదే చెప్పేవాడమ్మా అన్నారు. నేను లారీ వెనక్కి వెళ్ళి కళ్ళు తుడుచుకుని వచ్చాను.

ఆఖరి రోజు ఓనరుగారు మాస్టారిని, ఏమంటారండీ, పనికొస్తుందా అని నా ముందే అడిగారు. "ఈవిడకి నేర్పగలిగేవాళ్ళు అరవై మంది మీ దగ్గరే ఉన్నారండి. ఈవిడ నిన్ననే వాళ్ళ దగ్గర చేరారు. ఉండనివ్వండి. మళ్ళీ నన్ను పిలిచే అవసరం మాత్రం రానివ్వకండి" అన్నారు. ఓనరుగారు శాలువా తీస్తే వద్దని, అమ్ముడుపోని మొక్క ఏదైనా ఉంటే ఇప్పించమన్నారు. కాండం వంకర తిరిగిన మందార ఒకటి మూలన పడి ఉంటే, దాన్ని స్కూటరు ముందు, కాళ్ళ మధ్య పెట్టుకుని వెళ్ళిపోయారు. మూడు రోజులకి లారీ క్షేమంగా చేరిందని కబురొచ్చింది.

అప్పటి నుంచి ఏటా తొలకరికి ఫోను చేసేవారు. మొక్కలెలా ఉన్నాయని అడిగేవారు కాదు. ఈ ఏడు మిమ్మల్ని ఎవరు తప్పుపట్టారండీ అని అడిగేవారు. ఎవరూ లేరంటే, అయితే జాగ్రత్తండి అనేవారు. ఏడాదికోసారి వచ్చి ఒక వంకర మొక్క పట్టుకెళ్ళేవారు. పేర్లు మాత్రం గుర్తుండేవి కావు. నన్ను పదేళ్ళూ నర్సరీ మేడంగారూ అనే పిలిచారు.

ఒకసారి పాలకొల్లులో ఒక బట్టల షాపుకి తోడు రమ్మంటే వెళ్ళాను. అక్కడ అమ్మాయిలు పొద్దుటి నుంచి నిలబడే చీరలు చూపించాలి, కూర్చుంటే మేనేజరు ఊరుకోడు. మాస్టారు ఆయనకి ఒక్క పాఠమూ చెప్పలేదు. ఇవాళంతా మీరే కౌంటర్లో చీరలు చూపించండి, నేను చూసి నేర్చుకుంటానండి అన్నారు. మధ్యాహ్నం మూడింటికల్లా ఆ మేనేజరు, కుర్చీ ఉందా అని అడిగాడు. మర్నాటికి కౌంటర్ల వెనక వరసగా స్టూళ్ళు వచ్చాయట. తిరుగు ప్రయాణంలో మాస్టారు బస్సులో హాయిగా గుర్రుపెట్టి నిద్రపోయారు.

ఆయనేమీ దేవుడు కాదు లెండి. ఊళ్ళో అందరి మాటా వింటారమ్మా, షుగరు బిళ్ళ వేసుకోమన్న నా మాట తప్ప, అనేవారు వాళ్ళావిడ. ఆ మాటకి ఆయన నవ్వి తల గోక్కునేవారు.

సోమవారం ఫోను వచ్చాక నాకు నిద్ర లేదు. మంగళవారం పొద్దున్నే పూల మార్కెట్టుకి ఫోను చేసి, మనిషెత్తు గులాబీ దండ ఒకటి చెప్పాను. అందరూ చేరాక, ఈ పూట పని లేదు, రాజమండ్రి వెళ్దామన్నాను. అంతటితో ఆపేద్దామనుకున్నాను. కానీ పదేళ్ళ అలవాటు, నోటంట అదే వచ్చేసింది. ఈ రోజు నేను చెయ్యబోయే తప్పేంటండి?

సత్తెమ్మగారికి ఇప్పుడు చూపు కొంచెం తగ్గింది, మాట తగ్గలేదు.

"దండ చెప్పడమేనమ్మా" అన్నారు. "దండలంటే ఆయనకి ఇష్టం లేదు కదా." షెడ్డులోకి వెళ్ళి ఒక నందివర్ధనం మొక్క తెచ్చారు. కాండం మధ్యలో కొడవలిలా వంగి ఉంది. "ఇది పట్టుకెళ్దాం. నిన్న సాయంత్రమే తడిపి పెట్టాను."

సరేనండి అన్నాను.

వ్యానులో ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఆవిడ మొక్కని ఒళ్ళో పెట్టుకుని, ఒక చెయ్యి కవరు కింద, ఒక చెయ్యి మొదట్లో వేసి పట్టుకున్నారు. మాస్టారింటి ప్రహరీ పొడుగునా మా వంకర మొక్కలన్నీ వరసగా ఎదిగి ఉన్నాయి. మొదటి మందార గోడ కన్నా ఎత్తు పెరిగి, వీధిలోకి వంగి పూసింది. వాళ్ళావిడ మమ్మల్ని చూసి, వరస చివర ఖాళీ చోటు చూపించారు. సత్తెమ్మగారు వంగి మొక్కని అక్కడ దింపి, కవరు మెల్లిగా కోసి తీశారు. వేళ్ళ చుట్టూ మట్టి చెక్కు చెదరకుండా ఉంది.