ఎడమ చెవి మెత్త

మా ఆయనకు శంషాబాద్ రోడ్డు మీద ఆటోలకు సీటు కవర్లు కుట్టే షాపు ఉండేది. కొలతలు తీసేది ఆయన, మిషను తొక్కేది నేను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. కానీ ఏ ఆటోకు ఏ రంగు రెగ్జిన్ వేశామో, ఎవరి సీటుకు ఎన్ని వేళ్ళ మందం స్పాంజి పెట్టామో ఇప్పుడడిగినా చెబుతాను. మరిచిపోవడం నాకు చేతకాదు. చేతనైతే బాగుండేదని ఒక్క విషయంలో అనిపిస్తుంది.

ఎయిర్‌పోర్టు తెరిచిన మూడో ఏడు అది. హైవే పొడుగునా ఫంక్షన్ హాళ్ళు లేస్తున్నాయి. మా తమ్ముడు ఆ హాళ్ళలో సౌండు పని చేసేవాడు. పెళ్ళిలో పాడేవాళ్ళ గొంతు ఎంత వినపడాలి, డోలు ఎంత వినపడాలి అని మిక్సరు ముందు కూర్చుని సర్దేవాడు. ఇంకా పెళ్ళి కాలేదు, మా ఇంట్లోనే ఉండేవాడు. వాడికి పొలం లేదు, చదువు లేదు. ఉన్న ఆస్తి రెండు చెవులు.

ఉగాదికి వారం ముందు తన హెడ్‌ఫోన్ తెచ్చి నా మిషను మీద పెట్టాడు. చెవుల మీద ఆనే మెత్తలు చిరిగిపోయాయి, పైతోలు నల్లటి పొట్టులా రాలుతోంది.

"అక్కా, దుకాణాలల్ల ఇసొంటి మెత్తలు దొర్కుతలేవు. నువ్వే కుట్టియ్యరాదే."

"ఆటో సీట్లు కుట్టేదాన్ని, చెవులకు ఏం కుడ్తరా?"

మా ఆయన కత్తెర ఆపకుండానే అన్నాడు: "కుట్టియ్యి. గవి గూడ కూసునేటియే గదా. మీటరొక్కటి పెట్టకు."

చెవికి మెత్తగా ఉంటుందని జాకెట్ల అస్తరు గుడ్డతో మొదటి జత కుట్టాను. వాడు పెట్టుకుని, ఫోన్లో ఉన్న డోలు దరువు ఒకటి వేసి, మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"బేస్ మొత్తం పోయిందక్కా. డోలు కొడ్తుంటే రేకు డబ్బ కొట్టినట్టుంది."

నాకు పెట్టి చూపించాడు. నిజమే, దెబ్బ వినపడుతోంది కానీ దాని కింద ఉండాల్సిన గుమ్మనే లోతు లేదు. అప్పుడు వాడు నా రెండు చెవుల మీద అరచేతులు పెట్టి హెడ్‌ఫోన్‌ను గట్టిగా అదిమాడు. ఒక్కసారిగా డోలు నా తలలోకి దిగింది.

"సూసినవా? చెవి సుట్టు సందు లేకుండ మూసుకోవాలె. జర సందున్నా, గుడ్డలకెల్లి గాలి వోయినా, లోతు సౌండు గా సందులకెల్లే పోతది."

ఆ మాట నాకు బాగా అర్థమైంది. గాలి పోకుండా మూయడం నా పనే. రెండో జత సీటు రెగ్జిన్‌తో కుట్టాను, లోపల పరుపు స్పాంజి, అంచు అతకడానికి రబ్బరు సొల్యూషన్. ఈసారి వాడు కళ్ళు మూసుకుని దరువు మొత్తం విన్నాడు. "ఇగ ఇదీ!" అని నా భుజం మీద చరిచాడు. మా ఆయన వైపు తిరిగి, "బావా, అక్కను మా సౌండు కంపెనీల వెట్టుకుంట, నీ ఆటోలు నువ్వే కుట్టుకో" అన్నాడు. ఆ పూట ఇంట్లో అందరం నవ్వాం. ఆ నవ్వు కూడా గుర్తుంది.

ఎండాకాలం వచ్చింది. వాడు హెడ్‌ఫోన్ తీసేవాడు కాదు. పని లేనప్పుడు కూడా రేకుల కింద కూర్చుని, పాత పెళ్ళిళ్ళ రికార్డులు వింటూ తప్పులు పట్టుకునేవాడు. తీసినప్పుడు చెవుల చుట్టూ గుండ్రంగా ఎర్రటి గీత, లోపలంతా చెమట. గాలి పోనివ్వని మెత్త చెమటనూ పోనివ్వదు కదా. ఆ ఆలోచన అప్పుడు నాకు రాలేదు.

బోనాలకు ముందు మళ్ళీ వచ్చాడు.

"అక్కా, ఎడమ దిక్కు బేస్ తగ్గింది. మెత్త అణిగినట్టుంది."

విప్పి చూశాను. మెత్త అణగలేదు. కానీ లోపలి అంచున పసుపు మరక, వేలు పెడితే జిగురు, చిన్న వాసన. సొల్యూషన్ కారిందనుకున్నాను. కుడి మెత్తకూ అదే డబ్బాలోది పూశాను, దానికి మరక లేదు. అదీ చూశాను. చూసి, పాతది చెత్తలో పడేసి, ఎడమ దానికి ఇంకో వేలు మందం పెంచి కొత్తది కుట్టాను. వాడికి చెప్పలేదు. ఏమని చెప్పాలి, నా సొల్యూషన్ కారుతోందని చెప్పాలా?

పది రోజులు బాగుందన్నాడు. తర్వాత మళ్ళీ అదే మాట. హెడ్‌ఫోన్ గిన్నెల వెనక చిన్న చిల్లు ఉంటుంది, దాని మీద టేపు వేస్తే ఒక రకం సౌండు, తీస్తే ఒక రకం. ఎడమ చిల్లుకు టేపు వేశాం. మారలేదు. గిన్నెలో చిటికెడు దూది పెట్టాం. "కీచుదనం తగ్గింది గని లోతు రాలే" అన్నాడు. పైపట్టీ వంచి బిగుతు పెంచాం. దసరాకు నాలుగో మెత్త, దీపావళికి ఐదోది. విప్పిన ప్రతి ఎడమ మెత్తకూ ఆ పసుపు ఉంది. ప్రతిసారీ ముందటిసారి కంటే వెడల్పుగా ఉంది. దీపావళికి విప్పినదాన్ని చెత్తలో వేసేటప్పుడు కాగితంలో చుట్టి వేశాను, మా ఆయన చూడకుండా. ఎందుకు దాచానో నాకే తెలియదు.

ఈలోగా వాడికి చెవిలో దురద మొదలైంది. నువ్వుల నూనెలో ఎల్లిగడ్డ కాచి, గోరువెచ్చగా నేనే పోశాను. మా అమ్మ మాకు అట్లాగే పోసేది. వాడు నా ఒడిలో తల పెట్టి పడుకున్నాడు. నూనె దిగుతుంటే, "అక్కా, గొంతులకు దిగుతున్నట్టుందే" అన్నాడు. చెవిలో పోసింది గొంతులోకి ఎట్లా వస్తుందిరా అని నవ్వాను.

మాఘమాసం పెళ్ళిళ్ళు మొదలయ్యాయి. గగన్‌పహాడ్ దాటాక ఒక పెద్ద హాల్లో వాడికి పని. పొద్దున వెళ్ళినవాడు మధ్యాహ్నం భోజనాలు కాకముందే తిరిగి వచ్చాడు. హెడ్‌ఫోన్ వైరు మెడలో వేసుకుని గడపలో నిలబడ్డాడు.

"ఏమైందిరా?"

"ఎల్లగొట్టిన్రు."

బేస్ వినపడటం లేదని పెంచాడట. ఇంకా వినపడలేదట, ఇంకా పెంచాడు. వంటల దగ్గర బల్లల మీద గ్లాసులు నడిచాయట. పెళ్ళికూతురి నాయనమ్మ గుండె పట్టుకుని బయటికి పోయి కూర్చుంది. హాలు మేనేజరు వచ్చి అందరి ముందూ, "చెవులు ఇంట్ల వెట్టచ్చినవా? పో, తెచ్చుకో పో" అన్నాడట.

"మెత్తదే తప్పక్కా. ఎడమది గాలి ఇడుస్తుంది. ఇంకింత మందంగ కుట్టు. గీసారి రెండు పొరల రెగ్జిన్ వెయ్యి."

నేను రెగ్జిన్ తీయలేదు. పది నెలలుగా కుడుతున్నాను, నా కుట్టులోంచి ఎప్పుడూ గాలి పోలేదు. ఆటో సీటు ఒక పక్కకు కుంగిందని ఎవరైనా వస్తే మేం మొదట చేసేది ఒకటే. కవరు విప్పి, ఎడమది కుడికి తిప్పి వేస్తాం. కుంగు కూడా తిరిగితే తప్పు మా పనిలో ఉంది. ఉన్నచోటే ఉంటే కింద ఇనుములో ఉంది.

"తమ్మీ, దాన్ని తిప్పి పెట్టుకో" అన్నాను.

"తిప్పుడేంది?"

"ఎడమది కుడి చెవికి, కుడిది ఎడమ చెవికి. పెట్టుకొని దరువు ఎయ్యి."

మా ఆయన మిషను దగ్గర నుంచి లేచి వచ్చాడు. వాడు తిప్పి పెట్టుకున్నాడు. దరువు వేశాడు. వాడి మొహమే చూస్తున్నాను.

"కుడి దిక్కు మస్తుంది. ఎడమ దిక్కు లేదు." ఇంకొంచెం విన్నాడు. "గట్లెట్లయితదే? చెడిపోయింది ఇప్పుడు కుడికి రావాలె గదా."

వాడు ఎడమ పక్క అరచేత్తో అదిమాడు. ఇంకా గట్టిగా అదిమాడు. వాడి కణత మీద నరం లేచింది. మా ఆయనే మెల్లగా హెడ్‌ఫోన్ తీసి, "బట్టలు మార్చుకో, దవాఖానకు పోదాం" అన్నాడు. షాపులో బేరం ఉండటంతో చివరికి వాడి వెంట నేనే వెళ్ళాను.

పట్నంలో డాక్టరమ్మ చెవిలో గొట్టం పెట్టి చాలాసేపు చూసింది. "ఎన్నాళ్ళ నుంచి చీము కారుతోందండీ?" అని అడిగింది.

"కారుడేం లేదు మేడమ్, చెమట" అన్నాడు తమ్ముడు.

ఆమె నావైపు చూసింది. అప్పుడు చెప్పాను. బోనాలకు ముందు మొదటి మరక, వేలి గోరంత. రాఖీ తర్వాత దూది పెట్టడానికి విప్పినప్పుడు రూపాయి బిళ్ళంత. దసరాకు అంచు మొత్తం, వాసనతో. దీపావళికి స్పాంజి లోపలిదాకా. తేదీలు కూడా చెప్పగలిగేదాన్ని. ఆమె రాసుకుంటోంది. తమ్ముడు రాతను చూడటం లేదు, నన్ను చూస్తున్నాడు.

"కర్ణభేరికి పెద్ద చిల్లు పడింది. అందుకే లోతు శబ్దాలు అందడం లేదు. లోపల చిన్న ఎముకను కూడా తినేస్తోంది. ఆపరేషన్ చేయాలి. వినికిడి ఎంత నిలుస్తుందో మాట ఇవ్వలేను" అంది. నూనె పోయవద్దంది, చెమట నిలవనివ్వద్దంది, చెవిని గాలి ఆడకుండా మూయవద్దంది. నేను చేసినవన్నీ వరసగా చెప్పినట్టు అనిపించింది.

వాణ్ణి వినికిడి పరీక్షకు పక్కగదికి పంపించారు. చీటీ తీసుకుంటూ నేను అడిగాను, మొదటి మరకప్పుడే వస్తే ఏమయ్యేదని.

"చుక్కల మందుతో ఆరిపోయేదమ్మా, చాలావరకు" అంది.

తిరుగు బస్సులో వాడు కిటికీ పక్క సీటు ఇవ్వకుండా, నన్ను తన కుడివైపుకు మార్చి కూర్చోబెట్టాడు. ఆరాంఘర్ దగ్గర నావైపు తిరిగాడు.

"అక్కా, బోనాలప్పుడే వస్తే మంచిగయ్యేదా? డాక్టరమ్మ ఏమన్నది?"

"ఎప్పుడొచ్చినా గంతేనన్నది" అన్నాను.

వాడు తలూపాడు.

ఆపరేషన్ అయింది. చీము ఆగింది, లోతు ఆ చెవికి తిరిగి రాలేదు. ఒంటిచెవితో రెండు సీజన్లు లాగి, వాడు సౌండు పని వదిలేశాడు. ఇప్పుడు వేరే పని చేస్తాడు, పెళ్ళాం పిల్లలున్నారు. చెవి సంగతి ఎవరైనా అడిగితే, "ముందుగాల వోయినా గంతేనంట, డాక్టరమ్మే చెప్పింది. మా అక్కను అడుగున్రి" అంటాడు. వాళ్ళు నావైపు చూస్తారు. అవునని చెబుతాను.