విమలా మేడమ్ వంచిన రోడ్డు

నిన్న పొద్దున షార్జాలోని ధైద్ ఊరు దాటి కొండల వైపున్న మా కొత్త తవ్వకంలో, ఈమధ్యే చేరిన ఒక అమ్మాయి ఎండిన గుంట అడుగున సీసాతో సన్నగా నీటి తుంపర కొట్టింది. పాలిపోయిన మట్టి ఒక్కసారిగా ముదురు రంగుకు తిరిగింది. దాంతోపాటు వాసన లేచింది. వాన వాసన కాదది. చాలాకాలం మూసి ఉంచిన కుండ మూత తీసినట్టు, కాస్త ఉప్పగా, కాస్త సున్నం కలిసినట్టు ఉంటుంది. ఆ వాసన ముక్కుకు తగిలితే చాలు, నా చెవిలో నెల్లూరు యాస వినిపిస్తుంది. "తొందరపడబాక అబ్బాయా, మట్టిని ముందు తాగనీ!" ఆ గొంతు విమలా మేడమ్‌ది. పొట్టి మనిషి. నెత్తిన పెద్ద టోపీ, కాటన్ చుడీదారు, కాళ్లకు మాత్రం కూలీలు వేసుకునే సేఫ్టీ బూట్లు. ఆమెను చూడనివాళ్లకు ఇంతకంటే ఎలా చెప్పాలో తెలియదు గానీ, ఈ రోజు నన్ను ఎవరైనా ఆర్కియాలజిస్టు అని పిలిస్తే ఆ పిలుపు వెనక ఉన్నది ఆమె.

2020 ఎండాకాలంలో నేను పనిచేసే రోడ్ల కంపెనీ సగం పనులు ఆపేసి, సగం మందిని పంపేసింది. ఆ సగంలో నేనూ ఉన్నాను. ప్రొద్దుటూరులో పాలిటెక్నిక్ చదివి, సర్వేయరుగా దుబాయ్ వచ్చి, ఎడారిలో రోడ్లకు గీతలు గీయడం తప్ప మరో పని తెలియనివాణ్ని. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వర్క్‌షాపు మీది గదిలో కూర్చుని ఫోనులో ఉద్యోగాలు వెతుక్కుంటుంటే, ఒక ప్రకటన కంటబడింది. కల్చరల్ రిసోర్సెస్ సంస్థకు సర్వేయరు కావాలట. డాన్సులూ ఖవ్వాలీలూ పెట్టించే కంపెనీ కాబోలు, స్టేజీ కొలవడానికి మనిషి కావాలేమో అనుకున్నాను. గదిలో అందరం నవ్వుకున్నాం. అయినా దరఖాస్తు పెట్టాను. తీరా వెళ్లాక తెలిసింది. రోడ్డు వేయాలన్నా, పైపులైను పరచాలన్నా, కాలనీ కట్టాలన్నా, ముందుగా ఆ నేలలో పాతకాలపు ఆనవాళ్లేమైనా ఉన్నాయేమో వెతికి చెప్పే సంస్థ అది. అక్కడి తవ్వకాలన్నిటికీ పెద్ద విమలా మేడమ్.

మాస్కు వెనక నుంచే ఆమె నా సర్టిఫికెట్లు చూసి పక్కన పెట్టేసింది. "ఖాదర్... ప్రొద్దుటూరా? అయితే ఇంగ్లీషెందుకు మనకు! రోడ్డు కోసం నేల కోసేటప్పుడు పక్క గోడలో ఏం కనిపించేది నీకు?" అని అడిగింది.

"మన్ను మేడమ్."

"మన్నే గదయ్యా. అంతా ఒకటే మన్నా?"

ఆ ప్రశ్న అంతకుముందు నన్నెవరూ అడగలేదు. "కాదు మేడమ్. పైన మెత్త ఇసుక, కింద గులకరాళ్లు. ఒక చోట మాత్రం బూడిద రంగులో గీత మాదిరి ఉండె. అది ఏమని అడిగితే, నీ పని నువ్వు చూసుకో అనిరి."

ఆమె కళ్లు నవ్వాయి. "ఇక్కడ అడగడమే పని. ఎప్పుడొస్తావు?"

చేరిన కొత్తలో నాకు బెరుకుగా ఉండేది. చుట్టూ ఉన్నవాళ్లంతా చిన్నప్పటి నుంచి ఇదే చదువు చదివి ఉంటారని, వాళ్ల మధ్య నేనొక్కణ్నే దారి తప్పి వచ్చినవాణ్నని అనుకునేవాణ్ని. ఒక మధ్యాహ్నం సైటు దగ్గర బండి నీడలో అన్నం తింటూ ఆ మాట పైకి అనేశాను. మా కుండపెంకుల నిపుణుడు హానీ అక్కడే ఉన్నాడు. ఈజిప్టు మనిషి. మేడమ్ ఆయన వైపు చెయ్యి చూపించి, "ఈయన ఎవరనుకుంటుండావు? వాళ్ల దేశంలో పల్లెటూరి బళ్లో చరిత్ర మాస్టారు. పిల్లల్ని వెంటేసుకుని పొలాల్లో పెంకులేరతా ఏరతా ఈ పనిలోకొచ్చాడు. ఇంక నా సంగతి చెబితే నువ్వు నమ్మవు" అంది.

నెల్లూరులో ఎక్స్‌రే టెక్నీషియన్ కోర్సు చేసి ఆమె భర్తతోపాటు ఇక్కడికి వచ్చింది. ఒక ఆస్పత్రిలో చాలా ఏళ్లు అదే ఉద్యోగం. ఒకరోజు ఇద్దరు మనుషులు జాగ్రత్తగా ఒక పెట్టె మోసుకొచ్చి ఎక్స్‌రే తీయమన్నారట. "పేషెంటు ఎవరని అడిగితే పెట్టె చూపించారయ్యా! మూత తీస్తే మట్టిముద్ద, దానికి చుట్టూ ప్లాస్టరు కట్టు. నాకు నవ్వాగలేదు. సరే, తీశాను. తెర మీద చూద్దును గదా, లోపల ఒక కత్తి. ఆ కత్తి పిడి చుట్టూ వేళ్ల ఎముకలు. పట్టుకునే ఉండాడు ఖాదరూ! వేల ఏళ్లుగా వదల్లేదు." ఇది చెబుతున్నప్పుడు ఆమె తన చేతిని గాలిలో అలాగే బిగించి పట్టుకుంది. హానీకి తెలుగు రాదు. అయినా ఆ కథ ఎన్నిసార్లు విన్నాడో, ఆ పట్టు చూసి తలూపాడు.

"ఆ సాయంత్రమే మా ఆయనతో చెప్పా, నేను మళ్లీ చదువుకుంటానని. ఏం చదువుతావన్నాడు. ఆ చెయ్యి ఎవరిదో చెప్పే చదువేదో అదే అన్నా." చెప్పినట్టే చదివింది. ఆస్పత్రి డ్యూటీ చేస్తూ దూరవిద్యలో డిగ్రీ, తర్వాత పీజీ. సెలవు దొరికితే ఊరికి పోకుండా ఏదో ఒక తవ్వకంలో మట్టి మోయడం. తోటివాళ్లు పిచ్చి పట్టిందన్నారట. ఆమె ఆ మాటను కూడా సంతోషంగానే చెప్పేది.

నాకు ఆ పిచ్చి ఎప్పుడు అంటుకుందో కూడా గుర్తుంది. సముద్రానికి దగ్గర్లో ఒక చదును నేల. మేడమ్ దాన్ని చీపురుతో ఊడ్చి, తుంపర కొట్టి, ఏం కనిపిస్తోందో చెప్పమంది. నాకేమీ కనిపించలేదు. ఆరేదాకా చూడమంది. మట్టి ఆరుతూ వచ్చింది గానీ, అరచేతి వెడల్పున ఒక గుండ్రటి మచ్చ మాత్రం ముదురుగానే మిగిలింది. దానికి కొంచెం ఎడంగా ఇంకొకటి. ఇంకాస్త ఎడంగా మరొకటి.

"గుంజలు పాతిన గుంటలు మేడమ్!" అని అరిచాను. "ఇక్కడెవురో గుడిసె ఏసుకోనుండారు!"

"మరి వాకిలి ఎటు పెట్టుకున్నారో చెప్పు."

మచ్చల మధ్య ఎక్కడ ఎడం ఎక్కువుందో చూసి, సముద్రం వైపని చెప్పాను. ఆమె బూట్లు విప్పేసి ఆ ఎడంలో నుంచి, ఎవరింటికో చుట్టంగా వెళ్తున్నట్టు, తల కొంచెం వంచి లోపలికి నడిచింది. వెనకాల నేనూ నడిచాను. చెక్కా లేదు, తాటాకూ లేదు, అయినా ఒక ఇంట్లోకి వెళ్లినట్టే ఉంది. ఆ వారమే నేను దూరవిద్యలో ఆర్కియాలజీకి కట్టాను.

తర్వాత కొన్నాళ్లకు పెద్ద పని ఒకటి వచ్చింది. కొండల పక్కగా వేయబోయే కొత్త రోడ్డు దారి మొత్తం పరిశీలించాలి. పోటీలో పెద్ద పెద్ద సంస్థలున్నాయి. పనిచేయబోయే ఆర్కియాలజిస్టుల చదువులూ అనుభవాలూ వివరంగా ఇవ్వాలన్నారు. మా ముదీర్, అంటే సంస్థ యజమాని, మంచివాడే గానీ భయస్తుడు. ఎక్స్‌రే, పల్లెటూరి బడి, రోడ్ల సర్వే అనే మాటలు తీసేసి చదువులు మాత్రమే రాద్దామన్నాడు. నా పేరైతే అసలు వద్దన్నాడు. మేడమ్ ఒప్పుకోలేదు. "మేం ఎక్కడి నుంచి వచ్చామో దాస్తే, మాకేం వచ్చో కూడా దాచినట్టే. మొత్తం రాస్తాం, పోతే పోనీండి" అంది. ఆయన రెండు చేతులూ ఎత్తేసి, "ఖలాస్, నీ ఇష్టం" అన్నాడు.

అబుదాబీలో ఆ సమావేశానికి ఆమె నన్నూ హానీనీ వెంట తీసుకెళ్లింది. బల్లకు అవతల కూర్చున్న పెద్దమనిషి కాగితాలు తిప్పుతూ, "ఇందులో ఒక ఎక్స్‌రే టెక్నీషియన్, ఒక బడిపంతులు, ఒక రోడ్ల సర్వేయరు కనిపిస్తున్నారు. నేను అడిగింది ఆర్కియాలజిస్టుల్ని కదా?" అన్నాడు. మేడమ్ లేచి నిలబడింది. తమ చదువులూ చేసిన తవ్వకాలూ పక్క పేజీలోనే ఉన్నాయని ముందు చెప్పింది. ఆ తర్వాత నెమ్మదిగా ఇలా అంది. "పైతోలు కోయకుండా లోపలేముందో చూడటం నాకు ఆస్పత్రి నేర్పింది. మీ నేలను అవసరం లేనిచోట నేను తవ్వను. హానీ రాసే రిపోర్టు మీ డ్రైవరు చదివినా అర్థమవుతుంది, ఎందుకంటే ఆయన పిల్లలకు చెప్పినవాడు. ఇక ఖాదర్ రోడ్లు వేసినవాడు. మీ ఇంజనీర్లకు ఏ మాట చెబితే పని ఆగుతుందో, ఏ మాట చెబితే సాగుతుందో ఇతనికి తెలుసు. ఇలాంటి ముగ్గురు మీకు ఇంకో సంస్థలో దొరికితే వాళ్లకే ఇవ్వండి."

ఆ పెద్దమనిషి కళ్లద్దాలు తీసి, "ఆ మట్టిముద్ద ఎక్స్‌రే ఇప్పటికీ మీ దగ్గర ఉందా?" అని అడిగాడు. ఆమె ఫోను తీసి చూపించింది. గదిలోని వాళ్లంతా లేచివచ్చి ఆమె చుట్టూ మూగారు. పని మాకే వచ్చింది.

అసలు పరీక్ష ఆ రోడ్డు మీదే ఎదురైంది. ఒక చిన్న దిబ్బ పక్కన ఇసుకలో నుంచి తెల్లటి రాళ్లు కొన్ని వంపు తిరిగి కనిపించాయి. దారి గీత సరిగ్గా వాటి మీద నుంచే పోతోంది. కాంట్రాక్టరు తరఫు ప్రాజెక్టు మేనేజరు వచ్చి చూసి, "మేకల దొడ్డి. యల్లా, రాసేసి కదలండి" అన్నాడు. దూరంలో అతని యంత్రాలు అప్పటికే దిగి ఉన్నాయి. మేడమ్ ఆ రాళ్ల దగ్గర మోకాళ్ల మీద కూర్చుని ఒకదాని ముఖం చేత్తో తడిమింది. "దొడ్డికి ఇంత నున్నగా చెక్కుతారా ఎవరన్నా? వంపు చూడు, ఒక్క రాయి కూడా గీత దాటలేదు." చిన్న కందకం తవ్వడానికి అనుమతి తెచ్చింది. అది నిజంగా దొడ్డే అయితే మా మాటకు ఇక విలువ ఉండదని మాకు తెలుసు. మొదట్లో ఇసుక తప్ప ఏమీ రాలేదు. ప్రాజెక్టు మేనేజరు రోజూ వచ్చి గట్టు మీద నిలబడి వాచీ చూసుకునేవాడు. ఒకనాటి పొద్దున హానీ గుంటలోంచి చెయ్యి పైకెత్తాడు. ఎర్రటి పెంకు, దాని మీద సన్నని నల్ల గీతలు. మేడమ్ దాన్ని అందుకుని, "సమాధి! నాలుగు వేల ఏళ్ల పైమాటే!" అని అరిచిన అరుపుకు గట్టు మీది మేనేజరు ఉలిక్కిపడ్డాడు.

సంబరం ఎంతోసేపు నిలవలేదు. గీత మార్చడం కుదరదని, రాళ్లు ఎత్తి వేరేచోట పెట్టుకోమని కాంట్రాక్టరు పట్టుబట్టాడు. అప్పుడు మేడమ్ నన్ను పిలిచింది. "ఖాదరూ, ఇప్పుడు నువ్వు ఆర్కియాలజిస్టువి కాదు, మళ్లీ రోడ్డు సర్వేయరువి. వాళ్ల వైపు కూర్చుని ఆలోచించు. రోడ్డుకు దారి ఎటుంది?"

నేనూ ఆమే కలిసి ఆ చుట్టుపక్కలంతా నడిచాం. నేను పాత అలవాటు కొద్దీ ఎత్తుపల్లాలు కొలుస్తున్నాను, ఆమె నేల మీద ఆనవాళ్లు చూస్తోంది. రోడ్డు కాస్త ముందు నుంచే మెల్లగా పడమరకు వంగితే సమాధి మిగులుతుంది. అంతే కాదు, వాన పడితే పారే వాగును ఆ వంపు ఇరుకైన చోట దాటుతుంది. పాత గీత ప్రకారం కట్టాల్సిన పెద్ద కల్వర్టు బదులు అక్కడ చిన్నది చాలు. సమావేశంలో మేడమ్ సమాధి గురించి చెప్పి కూర్చుంది. "మిగతాది ఇతను చెబుతాడు" అంది. ముందు ఎత్తుపల్లాల లెక్కలు చెప్పాను. కల్వర్టు దగ్గరికి వచ్చేసరికి మేనేజరే కుర్చీ ముందుకు లాక్కున్నాడు. నా గీతల మీద వేలు పెట్టి లెక్క చూసుకుని, "ఇది ముందే ఎందుకు చెప్పలేదు?" అని నవ్వేశాడు. పురావస్తు శాఖ వాళ్లు సంతకం చేశారు. రోడ్డు వంగింది.

ఆ చలికాలమంతా సమాధి తవ్వాం. ఇసుక తీసేకొద్దీ తెల్లరాళ్ల వలయం పూర్తిగా బయటపడింది. ఎక్కడా తెగని గుండ్రం. ఆఖరి పక్క శుభ్రం చేసిన రోజున మేడమ్ దాని చుట్టూ ప్రదక్షిణంలా నడిచి వచ్చి, "మనల్ని చూడ్డానికి ఇన్నాళ్లు ఆగింది చూడు!" అంది. మేనేజరు తన ఇంజనీర్లను వెంటబెట్టుకుని వచ్చి ఫొటోలు దిగాడు. రిపోర్టు అచ్చయి వచ్చినప్పుడు ఆర్కియాలజిస్టుల పేర్లలో మూడోది నాది. దాని కింద "పూర్వం రోడ్ల సర్వేయరు" అని ఆమె కావాలనే ఉంచింది. ప్రొద్దుటూరులో అమ్మీకి వీడియో కాల్ చేసి చూపిస్తే, చదవడం రాకపోయినా ఆ పేజీని చాలాసేపు చూసింది.

పోయినేడు మస్కట్‌లో ఒక పెద్ద మ్యూజియం పనికి మేడమ్‌ను పిలిచారు. వెళ్లేముందు తన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి, "ఎట్టుంది?" అని అడిగింది. ఎత్తుగా ఉందన్నాను. "కిందికి దించుకో. పిల్లకాయలు వచ్చి మాట్లాడేటప్పుడు నువ్వు పైనుంచి చూడకూడదు" అంది. దించుకున్నాను. ఇప్పుడు కొత్తవాళ్లను తీసుకునేటప్పుడు వాళ్ల డిగ్రీలతోపాటు అంతకుముందు చేసిన పనులన్నీ అడుగుతాను. మా దగ్గర ఒక వడ్రంగి ఉన్నాడు, ఒక బ్యాంకు ఉద్యోగిని ఉంది. వాళ్ల పేర్ల కింద ఆ మాటలూ అచ్చవుతున్నాయి.

మొన్న ఆ రోడ్డు మీద వస్తుంటే, బండి నడుపుతున్న గంగారాం చిరాకుపడ్డాడు. జగిత్యాల మనిషి, మా సంస్థకు కొత్త. "గింత సాపు జాగ ఉంటే గీ మలుపు ఎవ్వడు పెట్టిండు సార్? సీదా పోవాల్సిన రోడ్డు!"

"బండి పక్కకు ఆపు" అన్నాను. అతన్ని దింపి, సమాధి చుట్టూ వేసిన కంచె దాకా తీసుకెళ్లి చూపించాను. ఎండలో తెల్లగా మెరుస్తున్న ఆ వలయాన్ని అతను అటు నుంచి ఇటు దాకా చూశాడు. కథంతా చెప్పాను. టోపీ తీసి చేత పట్టుకుని, "అరె! దీని కోసం అంత పెద్ద రోడ్డునే వంచిండ్రా? ఎవరు సార్, మీరేనా?" అన్నాడు.

"మా మేడమ్. విమలా మేడమ్ అని, నెల్లూరామె" అన్నాను. ఆ పేరు చెబుతుంటే నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.