తడవని కాళ్ళు

ఇది ఇన్నాళ్ళూ రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు అక్షరాలు రాకపోవడం. మనవలు పుట్టాక, ఇక్కడి పట్నంలో గోల్ ఘర్ అనే పేటలో ఒక రిటైరైన టీచరమ్మ మధ్యాహ్నాలు మాలాంటి ఆడవాళ్ళకు తెలుగు చెబుతుంటే వెళ్ళి నేర్చుకున్నాను. అంతకు ముందే ఎవరిచేతనైనా రాయించి ఉండవచ్చు. కానీ నా మొగుడి సంగతి ఇంకో ఆడదాని చేతిరాతలో ఉండడం నాకు ఇష్టం లేకపోయింది.

దయ్యాలను నేను నమ్మను. శ్రీకాకుళం తీరంలో పుట్టాను. సముద్రం ఒడ్డుకు తెచ్చి పడేసిన వాళ్ళను చూస్తూ పెరిగాను. పోయినవాళ్ళు పోయినట్టే. ఇప్పటికీ నా మాట అదే. ఈ ఒక్కటి మాత్రం ఆ మాటకు లొంగదు.

పెళ్ళైన కొత్తలో ఓడెక్కి అండమాన్ వచ్చాం. బాంబూఫ్లాట్ అనే ఊరు దాటాక ఒడ్డున మావాళ్ళవి కొన్ని గుడిసెలు ఉండేవి. మా గుడిసె వెనక గట్టు మీద తెల్లవాళ్ళ కాలపు సమాధి ఒకటి. ఎవరో దొరసానిది అనేవారు. ఆ రాయి బాగా కాగుతుంది కనక దాని మీద ఎండుచేపలు ఆరబెట్టుకునేవాళ్ళం.

మా ఒడ్డున నీళ్ళలో అంతా రాళ్ళే. మా చిన్న పడవలు ఒడ్డు దాకా రావు. మగవాళ్ళు తొడల లోతు నీళ్ళలో దిగి నడిచి రావాలి. అందరి లుంగీలూ నీళ్ళు కారుతుండేవి. మా ఆయనది పొడిగా ఉండేది.

ముందు గమనించింది నేను కాదు, పక్కింటి నీలమ్మ.

“ఒలే పోలమ్మా, నీ మొగుణ్ని ఎవులో ఎత్తుకొస్తన్నారే! సూసుకో మరి, ఎత్తుకొచ్చినోళ్ళు ఉంచుకోరేటి?” అంది అందరూ వినేలా. ఆడవాళ్ళు గంపలు దించి మరీ నవ్వారు.

నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక లుంగీ తడిమి చూశాను. అంచు కూడా తడవలేదు. అడిగితే, “నానేటి సెప్పను? దిగినట్టే ఉంటాది. సూస్తే ఒడ్డు మీదుంటాను” అన్నాడు. అది దాచేవాడి మొహం కాదు. అందుకే నాకు ఇంకా మండింది.

ఒకరోజు పొద్దెక్కాక, పడవలు వచ్చే వేళకు మొగలిపొదల వెనక నిలబడి చూశాను. మా మరిది ముందు దిగాడు. వల భుజాన వేసుకుని, తల వంచుకుని వచ్చేశాడు. ఆ వెనక మా ఆయన.

ఆయన నడవడం లేదు. ఎవరి మెడో చుట్టినట్టు రెండు చేతులూ ముందుకు పెట్టాడు. ఛాతీ ముందుకు వాలి ఉంది. మోకాళ్ళు మడిచి ఉన్నాయి. పాదాలు నీళ్ళకు జానెడు పైన ఉన్నాయి. కొంచెం ఊగుతూ, మెల్లగా వస్తున్నాడు. ఆయన ముందు ఎవరూ లేరు. నీళ్ళు మాత్రం అక్కడ రెండుగా చీలుతున్నాయి.

కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆ మొహంలో నిశ్చింత చూస్తే నాకు భయం వేయలేదు, ఒళ్ళు భగ్గుమంది. నా ఒళ్ళో తల పెట్టుకున్నప్పుడు కూడా ఆ మొహం అలా లేదు.

మనిషైతే జుట్టు పట్టుకుని లాగేదాన్ని. నీళ్ళను ఎక్కడ పట్టుకోను? ఆ తర్వాత ఆయన కూర బాగుందన్నా, ఎవరి చేతి వంటతో పోలుస్తున్నాడా అనిపించేది.

వానలు తగ్గాక ఒక ముసలి తెల్లాయన వచ్చాడు. వెంట సర్కారు ఆఫీసు నుంచి బెంగాలీ గుమాస్తా. “దీదీ, మేంసాబ్ కీ కబర్ కిధర్ హై?” అని దొరసాని సమాధి ఎక్కడో అడిగాడు గుమాస్తా. నేను ఎండుచేపలు ఎత్తేసి, రాయి తుడిచి చూపించాను. తెల్లాయన టోపీ తీసి నిలబడిపోయాడు.

తర్వాత మా అరుగు మీద కూర్చుని ఫోటోలు చూపిస్తుంటే గుమాస్తా హిందీలో చెప్పాడు. ఆయనది స్కాట్లాండ్‌లో చిన్న పల్లె. పేరుకు నా నోరు తిరగలేదు. గాలి కొట్టకుండా పక్కగోడలు సముద్రం వైపు పెట్టి కట్టుకున్న రాతి ఇళ్ళు. వేటే బతుకు. ఆడవాళ్ళు గాలాలకు ఆల్చిప్పల మాంసం గుచ్చేవారు, గంపలు వీపున కట్టుకుని ఊరూరా చేపలమ్మేవారు. చేపలు రావడం మానేశాక పడుచువాళ్ళు వెళ్ళిపోయారు. బడి మూతపడింది. మిగిలిన ముసలివాళ్ళు ఆ బడిలోనే పాత వలలు, గంపలు పెట్టుకుని ఊరి చరిత్ర కూడబెడుతున్నారట. ఈ దొరసాని ఆ ఊరి జాలరి పిల్లే. ఈ దీవుల్లో హార్బరు పనికి కుదిరిన వాణ్ని కట్టుకుని వచ్చి ఇక్కడే పోయింది. తమ పిల్ల ఎక్కడ ఉందో చూసి రమ్మని ఊరు ఆయన్ని పంపింది.

అది విని ఆమె మీద నాకు కుళ్ళు పుట్టింది. మా ఊరి నుంచి నన్ను వెతుక్కుంటూ కాకి కూడా రాలేదు.

తెల్లాయన ఆఖరి ఫోటో నా చేతికిచ్చాడు. ఆడవాళ్ళు గౌన్లు పైకి దోపుకుని నీళ్ళలో ఉన్నారు. వాళ్ళ వీపుల మీద మగవాళ్ళు, మెడలు చుట్టి, మోకాళ్ళు మడిచి. ఆ చలి సముద్రంలో రోజంతా తడిబట్టలతో ఉంటే మనిషి దక్కడట. అందుకని పెళ్ళాలే మోసుకెళ్ళి పడవ ఎక్కించేవారట. మొగుడి కాళ్ళు తడిస్తే పెళ్ళానికి నామోషీ అట.

తిరిగి కూడా మోసుకొచ్చేవారా అని అడిగాను.

“దోనోం టైమ్, దీదీ”, రెండు పూటలా అని నవ్వాడు గుమాస్తా.

నాకు నవ్వు రాలేదు. అప్పుడు మొదలైంది అసలు భయం. ఒడ్డుకు తెచ్చే మనిషి లోపలికీ తీసుకుపోగలదు.

అది ఆ దొరసానేనో, నా కళ్ళకే అలా కనబడిందో ఇప్పటికీ తేల్చుకోలేను. మా మరిది తనకేమీ కనబడలేదనే చెప్పాడు. పొడి లుంగీకి మాత్రం ఎవరూ కారణం చెప్పలేకపోయారు.

మర్నాడు పొద్దున్నే నేనూ నీళ్ళలోకి దిగాను. చీర కచ్చ బిగించి, మా ఆయన ముందు వీపు వంచి “ఎక్కు” అన్నాను.

“పిచ్చెక్కిందేటే? అందరూ సూస్తన్నారు.”

“సూడనీ. ఎక్కు.”

మరిది వల వదిలేసి నవ్వాడు. ఆయన సిగ్గుపడుతూ ఎక్కాడు. బరువే లేదు. అంత మనిషి బట్టలమూటంత కూడా లేడు. నాతోపాటు ఇంకెవరో మోస్తున్నారు.

ఆమెకు ఏ భాష తెలుస్తుందో నాకు తెలియదు. నాకు వచ్చిన మాటే అన్నాను. “ఒగ్గెయ్ తల్లీ. నా మొగుణ్ని నానే మోసుకుంతాను.”

ఒక్కసారిగా బరువంతా నా మీద పడింది. అరికాల్లో రాయి గుచ్చుకుంది. ఆయన కాళ్ళు తడవనివ్వకుండా పడవ దాకా మోసుకెళ్ళాను.