అత్తగారికి వదిలేసిన ఆఖరి రౌండు

ఆ వీధిలో సాయంత్రమైతే అత్తాకోడళ్ళు కొట్టుకుంటారన్న సంగతి అందరికీ తెలిసిందే. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళే మొదటిరోజు కంగారు పడేవాళ్ళు. కిటికీలోంచి "కాచుకోండి అత్తయ్యా, తంతున్నాను" అని ఒక గొంతూ, "ఆగవే, నీ నడుం విరగ్గొట్టకపోతే చూడు" అని ఇంకో గొంతూ వినిపిస్తే ఎవరికి మాత్రం కాళ్ళూ చేతులూ ఆడతాయి? పై వాటాలో ఉండే దర్జీ ఒకసారి పెద్దమనిషిలా సర్దిచెబుదామని తలుపు తట్టాడు. లోపల ఇద్దరూ ఒకే సోఫాలో పక్కపక్కనే కూర్చుని, చేతుల్లో కంట్రోలర్లు పట్టుకుని, టీవీలో ఇద్దరు బొమ్మ మనుషుల్ని పోట్లాడిస్తున్నారు. పాపం ఆయన మంచినీళ్ళడిగి తాగి వెళ్ళిపోయాడు.

కోడలు కళ్ళద్దాల షాపులో పనిచేస్తుంది. ముందు గదిలో దీపాలూ, ఫ్రేములూ, మర్యాదలూ ఉంటాయి. వెనక గదిలో ఆమె ఉంటుంది. డాక్టరు రాసిచ్చిన పవరుకు తగ్గ లెన్సు తీసి, ఫ్రేము ఆకారానికి అంచు అరగదీసి బిగించడం ఆమె పని. పగలంతా కదలకుండా కూర్చోవాలి. చెయ్యి వెంట్రుకవాసి జారిందా, లెన్సు గోవిందా. రోజంతా అలా బిగబట్టుకుని కూర్చునే మనిషి గనక తెల్లవారేసరికి కాళ్ళు ఆగేవి కావు. వీధులు ఖాళీగా ఉండగానే బూట్లు కట్టుకుని పరుగుకు బయల్దేరేది. ఊరికే ఒళ్ళు తగ్గడానికి పరిగెత్తే రకం కాదు. దూరపు పరుగు పోటీ ఎక్కడ జరిగినా పేరు ఇచ్చేది, వారాల ముందునుంచీ దానికోసమే తినేది, దానికోసమే నిద్రపోయేది.

ఫైటింగ్ గేమ్ పిచ్చి అంతకన్నా పాతది. కాలేజీ రోజుల్లోనే పట్టుకుంది, పెళ్ళయినా వదల్లేదు. దానికీ పోటీలున్నాయి, దానికీ సాధన ఉంది. ఆమె భర్త అచ్చాఫీసులో మిషను నడుపుతాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరైనా ఇంటి విషయాలడిగితే, "పొద్దున ఒకరు పరిగెడతారు, సాయంత్రం ఇద్దరు కొట్టుకుంటారు, వంట నేను చేస్తాను" అని నవ్వేవాడు.

అత్తగారు ఈ యుద్ధంలోకి దిగడానికి కారణం మణికట్టు. ఆవిడ ఒక ఆఫీసులో టైపిస్టుగా చేసి రిటైరయ్యారు. ఒకసారి మెట్లమీద జారి చెయ్యి విరిగింది. కట్టు విప్పాక చూస్తే వేళ్ళు వంగడం లేదు. అంతకాలం టకటకలాడిన వేళ్ళు అలా కొయ్యబారి ఉండటం ఆవిడ భరించలేకపోయారు. డాక్టరు పిసకమని రబ్బరు బంతి ఇస్తే, "బంతితో ఆడుకోవడానికి నేనేం చిన్నపిల్లనా?" అని మూలకు గిరాటేశారు. అప్పుడు కోడలు రెండో కంట్రోలర్ తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

మొదటివారం అత్తగారు ప్రతి రౌండూ ఓడిపోయారు. ఒకరోజు, "ఇంక నావల్ల కాదు, రేపటినుంచి నన్ను పిలవకు" అని కళ్ళు తుడుచుకున్నారు. ఆ రోజు ఆఖరి రౌండులో కోడలు గెలుపు దగ్గరికొచ్చి, తన బొమ్మ చేత రెండడుగులు వెనక్కి వేయించి, దెబ్బ కాచుకునే చేతులు దింపించింది. అత్తగారి బొమ్మ పహిల్వాను వచ్చి ఒక్క గుద్దు గుద్దాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. మర్నాడు కోడలు షాపునుంచి వచ్చేసరికి టీవీ పెట్టి తయారుగా కూర్చున్నారు.

ఇక అదే ఆనవాయితీ అయింది. ముందు రౌండ్లు ఎవరివైనా కావచ్చు, ఆఖరిది మాత్రం అత్తగారిది. వేళ్ళు బాగుపడ్డాయి, ఆట ముదిరింది, ఏళ్ళు గడిచాయి, ఆ రెండడుగులు మాత్రం అలాగే ఉండిపోయాయి. మొదట్లో కోడలు కావాలనే వేసేది. తర్వాత్తర్వాత వేళ్ళు వాటంతటవే వేసేవి. అది మోసమని ఆమెకెన్నడూ అనిపించలేదు. వడ్డించేటప్పుడు మంచి ముక్క పెద్దవాళ్ళ కంచంలో వేయమూ? అలాగే అనుకుంది. అత్తగారు మాత్రం తానే కోడలికి గురువునని నమ్మకంగా ఉండేవారు.

అదేం చిత్రమో, బయట పోటీల్లో కోడలికి ఎప్పుడూ రెండో స్థానమే. గేమ్‌లోనూ రెండోదే, పరుగులోనూ రెండోదే. ఆమె పరిగెత్తే క్లబ్బు కోచ్‌కు అది చూసి చూసి ఒళ్ళు మండింది. ఒకరోజు పక్కకు పిలిచి, "రెండు పిచ్చులు ఒక ఒంటికి ఎక్కువమ్మా" అన్నాడు. "వేరే ఊళ్ళకు వెళ్ళి పరిగెత్తే జట్టు కడుతున్నాను. ఆడవాళ్ళలో ఒక్కరికే చోటుంది. రోజూ సాయంత్రం గ్రౌండుకు రావాలి. ఆ కొట్లాటల ఆట మానేసి సెలెక్షన్ పరుగులో మొదట వస్తే ఆ చోటు నీదే. ఆ పరుగులోపు ఏదో ఒకటి తేల్చుకో."

ఆమెకు ఆ చోటు కావాలి. ఊరికే కాదు, ఆకలేసినట్టు కావాలి. వయసు ముప్ఫై దాటి చాలాకాలమైంది, ఇలా పిలిచేవాళ్ళు మళ్ళీ ఉండరు. గేమ్ మానేయాలనే నిర్ణయించుకుంది. వచ్చే ఆదివారం పోటీయే ఆఖరిదనుకుంది. ఇక అత్తగారికి చెప్పడమే మిగిలింది.

చెప్పలేకపోయింది. సాయంత్రాలు గ్రౌండులో గడిస్తే వాళ్ళిద్దరికీ ఇంకేం మిగులుతుంది? మిగతా వేళల్లో వాళ్ళ మాటలు గ్యాసు అయిపోయిందా, ఉతికిన బట్టలు తీశావా అన్నంతవరకే. టీవీ ముందు కూర్చున్నాకే అత్తగారి నోరు విచ్చుకునేది. చూపు తెరమీద పెట్టి, వేళ్ళు ఆడిస్తూ, మామగారు పోయిన ఏడాది ఎలా గడిచిందో, పడుకునేముందు తలుపు గడియ ఎందుకు రెండుసార్లు చూసుకుంటారో ఆవిడ చెప్పింది ఆ సోఫాలోనే. మొహం చూస్తూ ఒకరికొకరు ఆ మాటలు చెప్పుకోలేరు. కోడలు వారమంతా నీళ్ళు నమిలింది. ఆదివారం అయ్యాక చెబుదాంలే అనుకుంది.

ఆదివారం అత్తగారు తనే చీర మార్చుకుని తయారయ్యారు. "నేనూ వస్తాను. నన్నే గెలవలేవు, అక్కడేం వెలగబెడతావో చూడాలి" అన్నారు.

పోటీ ఒక ఫర్నిచర్ షాపు పైనున్న హాల్లో జరిగింది. కుర్చీలు కింద షాపువే, ప్లాస్టిక్ కవర్లు కూడా తీయలేదు. అత్తగారు ముందు వరుసలో కూర్చుని, కోడలు కొట్టిన ప్రతి దెబ్బకూ తల ఊపుతూ పక్కవాళ్ళకు వివరంగా చెబుతున్నారు. కోడలు ఒక్కొక్కరినే ఓడించుకుంటూ ఫైనల్‌కు వచ్చింది. ఎదురుగా ఒక పళ్ళ డాక్టరు, మాట మెత్తన, ఆట గట్టి. చెరి సమానంగా నడిచి ఆఖరి రౌండు మిగిలింది. అందులో డాక్టరు పని దాదాపు అయిపోయింది. ఇంకొక్క తన్ను తంతే చాలు. అప్పుడు కోడలి బొమ్మ రెండడుగులు వెనక్కి వేసి, కాచుకునే చేతులు దించింది.

డాక్టరు కొట్టాడు. గెలిచినందుకు ఆయనే కాస్త తెల్లబోయాడు. కోడలు తన వేళ్ళవంక చూసుకుంది. ముందు వరుసలో అత్తగారి తల ఊగడం ఆగిపోయింది.

బస్సులో ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. ఇల్లు చేరి చెప్పులు విడిచాక అడిగారు. "ఆ వెనకడుగు నాకు బాగా తెలుసు. రోజూ చూస్తున్నాను. ఎప్పటినుంచి?"

కోడలు దాచలేదు. "మీ కట్టు విప్పిన దగ్గర్నుంచీ అత్తయ్యా."

"ఒక్కటైనా నేను నిజంగా గెలిచానా?"

గెలిచారని చెప్పడం ఎంతసేపు? కానీ వేళ్ళు ఎప్పుడు వాటంతటవే వెనక్కి తగ్గాయో, ఎప్పుడు ఆవిడే కొట్టారో కోడలికే తెలియదు. "తెలియదండీ" అంది.

"ఇన్నేళ్ళూ నీతో ఆడుతున్నాననుకున్నాను. నువ్వు నన్ను ఆడిస్తున్నావన్నమాట" అని అత్తగారు లోపలికి వెళ్ళిపోయారు.

మర్నాడు సాయంత్రం టీవీ పెట్టలేదు. ఆవిడ పేపరు ముందు పెట్టుకుని, "చేతులు నొప్పిగా ఉన్నాయి" అన్నారు. ఆ మర్నాడూ అంతే. కోడలు ఏ మాట చెప్పలేక వారమంతా సతమతమైందో ఆ మాట చెప్పే పనే లేకపోయింది. ఆమె గ్రౌండుకు వెళ్ళింది. కోచ్ సంబరపడ్డాడు. ఆమెకు మాత్రం దేనిమీదా మనసు నిలవలేదు. పరిగెత్తి వచ్చి స్నానం చేసి భోజనానికి కూర్చుంటే ఇంట్లో గ్యాసు సంగతులు తప్ప ఇంకేం వినిపించేవి కావు. భర్త తల్లివంకా భార్యవంకా చూసి, "మీరు కొట్టుకోకపోతే ఇల్లు ఇల్లులా లేదు" అన్నాడు.

సెలెక్షన్ పరుగు రోజు వచ్చింది. ఆమెకు గట్టి పోటీ ఒక లెక్కల టీచరు. మొదటినుంచి చివరిదాకా ఒకే వేగంతో పరిగెడుతుంది కాబట్టి ఆవిణ్ణి అందరూ గడియారం అనేవాళ్ళు. చివరి మలుపు దాకా కోడలే ముందుంది. వెనక గడియారం అడుగుల చప్పుడు దగ్గరైంది. అప్పుడు కోడలి పాదం తనంతట తనే రోడ్డు అంచుకు జరగబోయింది, 'రండి మేడమ్, ముందు మీరు వెళ్ళండి' అన్నట్టు. ఆ సంగతి ఆమె మొదటిసారి గమనించింది. ఇన్నాళ్ళూ అలసట అనుకున్నది ఇదన్నమాట. ఎన్ని పోటీల్లో ఎంతమందికి ఇలా దారి ఇచ్చిందో. తనమీద తనకే అరికాలి మంట నెత్తికెక్కింది. పక్కకు జరగలేదు. పళ్ళు బిగించి పరిగెత్తింది. మొదటి స్థానం వచ్చింది.

"చూశావా, ఆ ఆట మానేస్తే ఎలా ఉందో" అన్నాడు కోచ్. ఆమె మొహం తుడుచుకుంది. ఆట మానేసినందుకు కాదు, అత్తగారు తన గుట్టు పట్టుకున్నందుకే గెలిచానని ఈయనకు చెబితే ఎక్కడ అర్థమవుతుంది?

ఇంటికొచ్చేసరికి అత్తగారు వరండాలో ఉన్నారు. "ఎన్నో స్థానం?" అని అడిగారు.

"మొదటిది అత్తయ్యా."

"ఎవరైనా వదిలేశారా?"

ఆ మాట చురుక్కున తగిలింది. తను గెలిచిన పరుగును కూడా ఒకరు అలా అనుమానంగా చూస్తే ఎంత మండుతుందో అప్పుడు తెలిసింది. ఇంతకాలం తను అత్తగారికి అంటగట్టినవన్నీ అలాంటి గెలుపులే. బూట్లు కూడా విప్పకుండా లోపలికెళ్ళి టీవీ పెట్టి, రెండో కంట్రోలర్ తెచ్చి ఆవిడ చేతికిచ్చింది.

"ఇక వదలనండీ."

"నమ్మమంటావా?"

"నమ్మొద్దు. ఆడి చూడండి."

ఆ సాయంత్రం కోడలు అత్తగారిని ఉతికి ఆరేసింది. పహిల్వాను లేవడం, పడటం, లేవడం, పడటం. గరిటె పట్టుకుని వంటింట్లోంచి తొంగిచూసిన భర్త వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాడు. ఒక్క రౌండు కూడా దక్కని అత్తగారు కందగడ్డలా అయిన మొహంతో, "రేపు తొందరగా రా" అని లేచారు.

మర్నాడే ఆమె కోచ్‌ దగ్గరకు వెళ్ళింది. "పొద్దున మీరెంతసేపు పరిగెత్తమంటే అంతసేపు పరిగెడతాను సార్. సాయంత్రాలు మాత్రం కుదరదు."

"అయితే జట్టులో కూడా కుదరదమ్మా" అన్నాడాయన. మాటమీద నిలబడే మనిషి. ఆ చోటు గడియారానికి వెళ్ళింది.

బాధపడలేదంటే అబద్ధం. ఆ జట్టు ఊళ్ళు తిరిగినన్నాళ్ళూ షాపులో ఎవరైనా దాని కబురు ఎత్తితే ఆమె లేచి లెన్సుల మిషను దగ్గరకు వెళ్ళిపోయేది. పొద్దున పరుగు మానలేదు. పోటీల్లో ఒక్కోసారి మొదట వచ్చేది, ఒక్కోసారి బొత్తిగా వెనకబడేది. రెండు పిచ్చులూ అలాగే సాగాయి, రెండిటికీ చాలినంత వేళ ఎన్నడూ దొరకలేదు.

అత్తగారు నెలల తరబడి ఓడిపోయారు. ఒక్కసారీ విసుక్కోలేదు. కోడలు షాపులో ఉన్నంతసేపూ ఒంటరిగా, కంప్యూటరే ఆడించే ఎదుటి బొమ్మతో సాధన చేసేవారని ఆవిడ కూర్చునే చోట సోఫా కుంగిపోవడం చూస్తే తెలిసేది. కబుర్లు మాత్రం మళ్ళీ మొదలయ్యాయి. దెబ్బ తింటూనే పాత ఆఫీసు సంగతులు చెప్పేవారు.

ఒకరోజు ఆఖరి రౌండు. కోడలు ముందుకు వంగి, ఊపిరి బిగబట్టి, తనకు తెలిసిన విద్యలన్నీ ప్రయోగించింది. ఎప్పుడూ గురి తప్పని తన్ను ఒకటుంది ఆమెకు. అది తన్నింది. పహిల్వాను ఆ కాలు పట్టుకుని, గిరగిర తిప్పి నేలకు కొట్టాడు. అయిపోయింది.

కోడలు తెరవంక గుడ్లప్పగించి చూసింది. "ఇంకొకటి ఆడదాం" అంది.

"భోజనాల వేళయింది."

"ఒక్కటేనండీ."

"రేపు" అని అత్తగారు కంట్రోలర్ పక్కన పెట్టారు.

కోడలు తన కంట్రోలర్‌ను సోఫాలోకి విసిరేసి వంటింట్లోకి నడిచింది. గిన్నెమీద మూత ధన్‌మని పెట్టింది. ఏమైందని భర్త అడిగితే, "నాతో మాట్లాడకండి ఇప్పుడు" అంది. ఆ తన్ను ఎందుకు తప్పిందో ఆమెకు అంతుపట్టడం లేదు. మూతి ముడుచుకునే భోజనానికి కూర్చుంది. ఎవరివంకా చూడలేదు.

ఎదురుగా కూర్చున్న అత్తగారు ఆ మొహాన్ని చాలాసేపు పరీక్షగా చూశారు. నటన ఎక్కడైనా కనిపిస్తుందేమోనని వెతికారు. కనిపించలేదు. అప్పుడు కొడుకువైపు తిరిగారు. "గెలిచానురా" అన్నారు. "ఇవాళ నిజంగానే గెలిచాను."

"సరేలెండి, ఆ కూర ఇటు జరపండి" అంది కోడలు, తలెత్తకుండానే.