సూదికి ముందు ఎట్లుండె?

ఇన్సులిన్ మందుకు ఫినాయిల్ లాంటి ఘాటు వాసన. ఈ పొద్దున పక్కింటామె సూదిలోకి మందు ఎక్కిస్తుంటే ఆ వాసన మా అరుగు దాకా వచ్చింది. చేతిలో చుడుతున్న బీడీ విడిపోయింది. సులోచనక్క గుర్తొచ్చింది.

బోధన్‌లో మా గల్లీలోనే ఉండేది. సర్కారు దవాఖానలో నర్సుగా చేసి రిటైరైంది. మేము బీడీలు చుడుతుంటే వచ్చి కూర్చునేది. అప్పుడే నన్ను కన్న మా అవ్వకు షుగర్ ముదిరి కాలికి పుండైంది. డాక్టరు ఇక గోలీలు చాలవు, సూది వేయాలన్నాడు. నేను ఆ చీటీని బియ్యం డబ్బాలో దాచేశాను.

"సూది వెట్టుకున్నోళ్లే పోతుండ్రు గదా అక్కా? మన గల్లీల గంగవ్వ పోయింది, రాజన్న పోయిండు. గోలీలు మింగెటోళ్లు మంచిగ తిరుగుతుండ్రు" అన్నాను. ఎవరు ఏ రోజు పోయారో, ఆ రోజు ఎవరింట్లో ఏం వండారో అన్నీ నాకు యాదే.

సులోచనక్క కోప్పడలేదు. "గింత యాది ఉన్నదానివి, గిది గూడ చెప్పు. సూదికి ముందు గంగవ్వ కాలు ఎట్లుండె?"

"నల్లవడ్డది."

"రాజన్న?"

"మంచంల వడ్డడు."

"గోలీలోళ్లు?"

"పసుపు చేన్లల్ల పనికి పోతుండ్రు."

"నీకు ఎండి ఇరిగెటి ఆకిచ్చి, నీ తోటికోడలికి నానిన మెత్తటి ఆకిచ్చి, ఎవరు మంచిగ చుట్టిండ్రని పోటీ వెడితే ఊకుంటవా?"

"కొట్లాడుత."

"మరి ముందే ముదిరినోళ్లను సూది లెక్కల వెట్టి, సూదికి నువ్వు ఎండిన ఆకులే ఇస్తివి గదనే!"

చేటలో బీడీలు చుట్టే తునికాకులు పరిచి, గల్లీలో షుగరున్న మనిషికో ఆకు పెట్టించింది. అదే వయసు, అన్నేళ్ల షుగరు, అట్లాంటి పుండు ఉన్నవాళ్లనే, సూదివాళ్లలో ఒకరు, గోలీలవాళ్లలో ఒకరుగా జతలు కట్టమంది. చాలా ఆకులకు జతే దొరకలేదు. దొరికినవాళ్లలో సూది వేసుకున్నవాళ్లే కాస్త నయంగా ఉన్నారు.

"గింతేనా అక్కా?"

"గింతే. మన గల్లీ ఎంతనే? ఎవరు చాటుంగ బెల్లం తిన్నరో నీకెర్కనా? పెద్ద డాక్టర్లు గిట్లనే మస్తు మందిని జతలు గట్టి సూస్తరు. గాని సూదే సంపిందన్న నీ మాట నిలువదు."

మంచం మీది నుంచి మా అవ్వ, "నన్ను ఏ ఆకు కింద వెట్టిండ్రే? పొడిసేదేదో పొడువుండ్రి, పంచాయితీ సాలు" అంది. డబ్బాలోంచి చీటీ తీశాను.

పుండు మానింది. అవ్వ ఇంకా చాలా ఏళ్లు బతికింది. ఇప్పుడు అవ్వా, సులోచనక్కా ఇద్దరూ లేరు. ఫలానా మందే చంపిందని ఎవరన్నా అంటే, "ముందు ఎట్లుండె?" అని నా నోరు ఊరుకోదు. చావింట్లో కూడా అడిగి తిట్లు తిన్నాను.

అయితే చీటీ దాచిన ఆ పది రోజుల్లో అవ్వ కాలి చిటికెన వేలు కుళ్లింది, దవాఖానలో తీసేశారు. పది రోజుల ముందే సూది వేయిస్తే ఆ వేలు నిలిచేదా? తిండి తింటున్నా, బీడీ చుడుతున్నా ఇదే ఆలోచన. ఆ ఆకుల్లాగే జత కట్టి అవ్వ పక్కన పెట్టి చూద్దామంటే, పది రోజుల ముందే సూది పడిన ఇంకో అవ్వ నాకు ఎక్కడా దొరకదు.